క్లాసు నవ్విన వానాకాలం

ఆ కవరు తెచ్చిన రోజున మా మామగారు మంచి హుషారుగా ఉన్నారు. వానలో సగం తడిసి వచ్చి, గొడుగు వరండాలో విప్పి ఆరబెట్టి, చొక్కా లోపల దాచుకున్న కవరు మాత్రం పొడిపొడిగా తీసి భోజనాల బల్ల మీద పెట్టారు.

"మా కాలేజీలో కొత్త పద్ధతి పెట్టారు. ఏ లెక్చరరు ఎలా చెబుతున్నాడో పిల్లల చేత రాయించారు. పేర్లుండవు. పైవాళ్ళు చూసుకుని ఎవరివి వాళ్ళకి ఇచ్చేశారు" అన్నారు.

మామగారు కాలేజీలో కాలిక్యులస్ చెప్పేవారు. ఆయన జుట్టు ఆ సుద్దపొడిలోనే నెరిసింది. మా ఇంట్లో దాన్ని ఎవరూ ఉద్యోగం అనేవారు కాదు. ఇంటికి కొత్తవాళ్ళెవరొచ్చినా మా అత్తగారు మంచినీళ్ళిచ్చే లోపే ఆయన కాలేజీలో లెక్కలు చెబుతారన్న సంగతి చెప్పేసేవారు. వీధి మొత్తానికి ఆయన లెక్కల మాస్టారు. పొరుగువాళ్ళు పిల్లల్ని తిట్టుకోవాలన్నా ఆయన అరుగు దాటాకే గొంతు పెంచేవారు.

ఆయన కళ్ళద్దాలు ఆ పూట నా దగ్గర, అంటే నేను పనిచేసే కళ్ళద్దాల షాపులో ఉన్నాయి. అద్దాలు మార్చడానికి తీసుకెళ్ళాను.

"నువ్వు చదువమ్మా. భోంచేస్తూ వింటాం" అన్నారు.

మా ఆయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. తను లిఫ్టు మెకానిక్. ఎంత రుద్దినా గోళ్ళ చుట్టూ గ్రీజు నలుపు ఉండిపోయేది. కాలేజీలో తండ్రి క్లాసులోనే కూర్చుని, తండ్రి చెప్పే సబ్జెక్టులోనే తప్పి, మళ్ళీ రాసి మళ్ళీ తప్పి, చదువు మానేసిన మనిషి. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నాకు కూడా పెళ్ళయ్యాక ఎప్పుడో, అత్తగారు కూర తరుగుతూ తరుగుతూ చెబితే తెలిసింది. "వాడికి బుర్ర చేతుల్లో ఉందమ్మా, తలకాయలో కాదు" అన్నారావిడ, ప్రేమగానే.

మొదటి కాగితం తీశాను.

"సార్‌కి సబ్జెక్టు బాగా వచ్చు. ఇంత వచ్చినవాళ్ళని నేను చూడలేదు."

మామగారు భార్య వైపు చూశారు. ఆవిడ అప్పటికే మురిసిపోయి ఇంకో గరిటె కూర ఆయన కంచంలో వేశారు.

"సార్‌కి సబ్జెక్టు వచ్చు. మాకే రానివ్వరు."

"ఎవడో కొంటెవాడు" అని నవ్వారు మామగారు. "ఊఁ, కానీ."

మూడోది కళ్ళతో చదివి ఆగిపోయాను. నాలుగోది చూశాను. "అన్నీ ఇలాంటివే మామయ్యా. తిన్నాక చూద్దాం" అని మడిచెయ్యబోయాను.

"ఉన్నది ఉన్నట్టు చదువు. లెక్కల్లో మొహమాటాలుండవు."

చదివాను.

"సార్ బోర్డుకి పాఠం చెబుతారు. మాకు ఆయన వీపు తెలుసు గానీ మొహం తెలీదు."

"అర్థమైందా అని అడుగుతారు. నోరు తెరిచే లోపు తుడిచేస్తారు."

"డౌటు అడిగితే, ఇది కూడా తెలీదా అంటారు. తెలిస్తే అడగడమెందుకు?"

"ఆ గదిలో ఫ్యాను బాగా తిరుగుతుంది. హాయిగా నిద్రపడుతుంది. ఫ్యానుకి పదికి పది."

అత్తగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మామగారు ముద్ద కలుపుతూనే ఉన్నారు, నోట్లో పెట్టుకోవడం లేదు. ఆపమంటారేమోనని చూశాను. అనలేదు. చివరి కాగితం తీశాను.

"చిన్నప్పటి నుంచి లెక్కలంటే నాకు ఇష్టం. నేను మొద్దునని ఈ క్లాసుకి వచ్చాకే తెలిసింది."

మా ఆయన చెయ్యి కంచంలో ఆగింది.

"మళ్ళీ చదువు" అన్నాడు.

"ఏది?"

"అదే. ఇప్పుడు చదివింది."

మళ్ళీ చదివాను. తను కిటికీ అవతల వానని చూస్తూ విన్నాడు. విని, భోజనం ముగించాడు.

"బద్ధకం" అన్నారు మామగారు. "ఇంటి దగ్గర పుస్తకం ముట్టుకోరు. ముట్టుకోకపోతే ఎలా వస్తుంది? రాకపోతే మాస్టారి మీద తోసెయ్యడం."

"ఈ కాలప్పిల్లలు అంతేలెండి" అన్నారు అత్తగారు. ఆవిడ గొంతులో కంగారు ఉంది.

మర్నాడు పొద్దున్న మా ఆయన నన్ను స్కూటరు మీద షాపు దగ్గర దింపాడు. షట్టరు ఇంకా తియ్యలేదు. వాన పెరగడంతో ఇద్దరం చూరు కింద నిలబడ్డాం. తను హెల్మెట్ తియ్యకుండానే మాట్లాడడం మొదలుపెట్టాడు. అది తీసి ఉంటే బహుశా మాట్లాడేవాడు కాదు.

"నేను మూడో వరసలో కూర్చునేవాణ్ణి. అందరిలాగే నాకూ ఆయన వీపే. డౌటొస్తే క్లాసులో అడగాలంటే సిగ్గు, నాన్న కదా. ఇంటికొచ్చి అడిగితే, క్లాసులో చెప్పాగా అనేవారు. చెప్పారు, నిజమే. అందరికీ అర్థమయ్యే ఉంటుంది, నాకే ఎక్కలేదు అనుకున్నా. పక్కవాడు తలూపుతుంటే నేనూ ఊపేవాణ్ణి."

"పక్కవాడు కూడా నిన్ను చూసి ఊపాడేమో" అన్నాను.

"ఇన్నాళ్ళూ నాకు బాధ లేదు తెలుసా" అన్నాడు. "మనకి బుర్ర లేదు, అయిపోయింది. కొందరికి పాట రాదు, కొందరికి ఈత రాదు. అలాగే అనుకున్నా. హాయిగానే ఉంది. నిన్న ఆ ఒక్క ముక్క విన్నప్పట్నుంచీ లోపల ఏదో గీరుతోంది. నేను మొద్దుని కాకపోతే?"

షాపు ఓనరు వచ్చి షట్టరు ఎత్తాడు.

కొద్ది రోజుల్లోనే కాలేజీ లెక్కల హెడ్డుగారు మా షాపుకి వచ్చారు. మామగారి కంటే చిన్నవాడు, మొహమాటస్తుడు. కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన గుండ్రటి ఫ్రేము ముక్కు మీద పెట్టి, అద్దాలు మారుస్తూ గోడ మీది అక్షరాలు చదివించాను. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. అక్షరాలు కనిపించకపోయినా కనిపిస్తున్నాయనే అంటారు చాలామంది. అదేదో పరీక్ష అనీ, తప్పితే పరువు పోతుందనీ భయం. ఆయన అలా కాదు. ఏది మసగ్గా ఉందో అది మసగ్గా ఉందనే చెప్పారు. చివరికి ఫ్రేము తీస్తుంటే, చూపు ఎటో పెట్టుకుని అసలు మాట బయటపెట్టారు.

"మాస్టారి చెవిన నువ్వు వేస్తేనే బాగుంటుందమ్మా. మాకందరికీ ఆయనంటే గౌరవం. కానీ పైవాళ్ళు ఈ కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. వానలు తగ్గేలోపు ఇంకోసారి రాయిస్తారు. అప్పుడూ ఇలాగే వస్తే కాలిక్యులస్ క్లాసు కొత్తగా వచ్చిన లెక్చరరు అమ్మాయికి ఇచ్చేస్తారు."

"మరి మామయ్యగారికి?"

"టైమ్‌టేబుళ్ళు, పరీక్షల పనులు. జీతానికేం ఢోకా లేదు."

జీతం సంగతి నేనడగలేదు. ఆయనా అది గ్రహించి తల దించుకున్నారు.

ఇంటికి వెళ్ళి ఎలా చెప్పానో నాకే గుర్తులేదు. నీళ్ళు నమిలాను. మామగారు కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. "సరేనమ్మా" అన్నారు. మూడో రోజు సాయంత్రం రిక్షాలో ఓ నల్లబోర్డు దిగింది. ముందుగదిలో సోఫా పక్కకి జరిపించి, గోడకి మేకులు కొట్టించి దాన్ని తగిలించారు.

అప్పటి నుంచి రోజూ కాలేజీ నుంచి రాగానే టీ తాగి, మర్నాటి పాఠం అత్తగారికి చెప్పడం మొదలుపెట్టారు. నేను షాపు నుంచి వచ్చేసరికి ఆవిడ సోఫా అంచున, ఒళ్ళో కూరగాయల పళ్ళెంతో, బడికి కొత్తగా చేరిన పిల్లలా కూర్చుని ఉండేవారు. మామగారు బోర్డు మీద రాసిన ప్రతిసారీ ఇటు తిరిగేవారు. అలవాటు లేని మెడ. ఎవరో పిలిస్తే తిరిగినట్టు తిరిగేవారు. కాగితాల్లో ఉన్న ప్రతి ఫిర్యాదునీ ఒక్కో లెక్కలా పెట్టుకుని సాధిస్తున్నారాయన.

"దూరాన్ని సమయంతో భాగిస్తే వచ్చేది సగటు వేగం. మరి ఈ క్షణంలో వేగమెంత? దాని కోసం ఆ సమయాన్ని తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ, సున్నా దగ్గరికి వెళ్ళాలి. సున్నాని మాత్రం ముట్టుకోకూడదు."

"ముట్టుకుంటే ఏమవుతుందండీ?" అన్నారు అత్తగారు.

"ఇది కూడా తెలీ..." అని నోరు జారబోయి ఆపుకున్నారు. సుద్దముక్క రెండు చేతుల్తో పట్టుకుని ఊపిరి తీసుకున్నారు. "మంచి ప్రశ్న. సున్నాతో భాగించకూడదు. అందుకని." కాస్త ఆగి, "అర్థమైందా?" అన్నారు.

అడిగి ఊరుకున్నారు. నిజంగానే ఊరుకున్నారు. డస్టరు మీద చెయ్యి వెయ్యకుండా, ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. అత్తగారు ఇబ్బందిగా కదిలారు.

"అయిందండీ."

"ఏమర్థమైంది?"

"మీరు చెప్పింది."

"నేనేం చెప్పాను?"

ఆవిడ నా వైపు చూశారు, పరీక్షహాల్లో పక్కవాళ్ళ వైపు చూసినట్టు. నేను టీ గ్లాసులు తీసే నెపంతో లోపలికి వచ్చేశాను. కాసేపటికి ఆవిడా వంటింట్లోకి వచ్చి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నాతో అన్నారు:

"పెళ్ళయినప్పట్నుంచీ ఆయన ఏం చెప్పినా అయిందండీ అనే అంటున్నాను. ఏమైందని ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు. నేనెక్కణ్ణుంచి తెచ్చేది?"

మా ఆయన ఆ రోజుల్లో ముందుగది మొహం చూడలేదు. పెరటి వైపు నుంచి వచ్చి, వంటింట్లోనే పీట వేసుకుని తిని, మా గదిలోకి వెళ్ళిపోయేవాడు. బోర్డు మీద సుద్ద గీసుకుంటున్న చప్పుడు వింటే చాలు, మొహం ముడుచుకుపోయేది. ఒక ఆదివారం పొద్దున్న మాత్రం తప్పించుకోలేకపోయాడు. మామగారే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఒరే, నీకో మాట. మీ లిఫ్టు బయల్దేరినప్పుడు వేగం ఒకటే ఉంటుందా, మారుతుందా?"

మా ఆయన అనుమానంగా చూశాడు. "మారుతుంది. మెల్లగా లేస్తుంది, మధ్యలో జోరందుకుంటుంది, ఆగే ముందు మళ్ళీ మెల్లగా అవుతుంది. గభాలున ఆగితే లోపలున్నవాళ్ళకి కడుపులో తిప్పుతుంది."

"మూడో అంతస్తు దాటుతున్న ఆ ఒక్క క్షణంలో ఎంత ఉంటుంది?"

"అది... ఆ క్షణం అంటే ఎంతసేపు నాన్నా?"

మామగారు కొడుకు వంక అలా చూస్తూ ఉండిపోయారు. తర్వాత ముందుగదిలోకి వెళ్ళి సుద్దముక్క పట్టుకొచ్చి, వంటింటి నేల మీదే కూర్చుని గచ్చు మీద లిఫ్టు గీశారు. మా ఆయన ఆ గీతని సరిదిద్దాడు. తాడు అలా కాదు, ఇలా పోతుంది, అటువైపు బరువు దిమ్మ ఉంటుంది అని. ఇద్దరూ గచ్చు మీద ఒంగి కూర్చుని, ఒకరు గీస్తుంటే ఒకరు చెరుపుతూ, టీ చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నారు. అత్తగారు తలుపు పట్టుకుని నిలబడిపోయారు. లోపలికి అడుగుపెడితే ఎక్కడ చెదిరిపోతుందోనన్నట్టు.

లేస్తూ మామగారు మోకాలు పట్టుకుని అన్నారు, "నీకప్పుడు ఇలా చెప్పి ఉంటే..."

మా ఆయన గచ్చు మీది సుద్ద అరచేత్తో తుడుస్తూ, "ఇప్పుడు చెబుతున్నారుగా" అన్నాడు. ఆ వానాకాలం మొత్తంలో మా ఇంట్లో మనసుకి కాస్త ఎండ తగిలిందంటే ఆ ఒక్క పూటే.

తర్వాతి వారం తను పాత లిఫ్టులోంచి తీసేసిన బటన్ల పలక ఒకటి, ఉక్కు తాడు ముక్క ఒకటి తెచ్చి, కిరోసిన్‌తో శుభ్రంగా తుడిచి తండ్రికిచ్చాడు. "పిల్లలకి చూపించండి. చేత్తో పట్టుకుంటే గుర్తుంటుంది" అన్నాడు. మామగారు వాటిని సంచీలో పెట్టుకుని కాలేజీకి వెళ్ళారు.

ఆ సాయంత్రం వస్తూనే, గొడుగు కూడా ముడవకుండా చెప్పారు.

"ఇవాళ నవ్వారు."

"ఎవరు?" అన్నారు అత్తగారు.

"క్లాసు. క్లాసు మొత్తం నవ్వింది."

ఆయన మొహం చూస్తే నాకు ముచ్చటేసింది. ఇన్నేళ్ళలో ఆ గదిలో నవ్వు వినడం అదే మొదటిసారట. వెనక బెంచీలవాళ్ళు కూడా తలెత్తి చూశారట. దేనికి నవ్వారో మేం అడగలేదు. లిఫ్టు బొమ్మ చూసి నవ్వి ఉంటారు, పాఠం సరదాగా సాగి ఉంటుంది అనుకున్నాం. మా ఆయనకి ఆ పూట తిండి కూడా సయించలేదు సంతోషంతో. "మన లిఫ్టు పనిచేసింది" అన్నాడు నాతో.

ఆ తర్వాత తరచూ అదే మాట. ఇవాళా నవ్వారు. ఇవాళ ఓ కుర్రాడు కారిడార్లో ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. ఇవాళ క్లాసు నిండింది. ముందుగదిలో అత్తగారికి పాఠాలు చెప్పడం తగ్గింది. ఆవిడ అమ్మయ్య అనుకున్నారు. మామగారు అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతున్నారు. చొక్కా ఇస్త్రీ నలిగితే ఊరుకోవడం లేదు. మా ఆయన ఇంటికి ముందు గుమ్మంలోంచే వస్తున్నాడు. ఇంట్లో అందరం గొంతు కాస్త పెంచి మాట్లాడుకుంటున్నాం.

వానలు వెనకబట్టే రోజుల్లో రెండో కవరు వచ్చింది.

ఈసారి కళ్ళద్దాలు మామగారి దగ్గరే ఉన్నాయి. అయినా, "నేను చదువుతా నాన్నా" అని మా ఆయన ముందే అందుకున్నాడు. మామగారు ఇవ్వడానికి క్షణం తటపటాయించారు. ఆ తటపటాయింపుని నేను సిగ్గనుకున్నాను.

మొదటివి కొన్ని ఫర్వాలేదు. "సార్ ఇప్పుడు మా వైపు చూస్తున్నారు." "డౌటు అడిగితే కోప్పడడం లేదు." ఒకటి మాత్రం, "ఫ్యాను పాడైంది. బాగు చేయించండి." అందరం నవ్వాం. మామగారూ నవ్వారు.

"సార్ ఈ మధ్య బాగా మారారు" అని మొదలుపెట్టాడు మా ఆయన. "లిఫ్టులు బాగుచేసే వాళ్ళబ్బాయి మీద వేసే జోకుల కోసమైనా క్లాసు ఎగ్గొట్టడం లేదు. లెక్కలు మాత్రం ఇప్పటికీ అర్థం కావడం లేదు."

గొంతు ఎక్కడా తడబడలేదు. మొదటి కాగితాన్ని ఎలా చదివాడో దీన్నీ అలాగే చదివి, దాని కింద ఉన్నది తీశాడు.

"సార్ కామెడీ సూపర్. కొడుకు గారిని ఒకసారి క్లాసుకి తీసుకురావాలని మనవి."

మిగిలినవి కూడా చదివాడు. ఒక్కటీ వదల్లేదు. అన్నీ అయ్యాక అంచులు కలిపి సర్ది కవర్లో పెట్టి, బల్ల మీద తండ్రి వైపుకి జరిపాడు.

"బాగా వచ్చాయి నాన్నా" అన్నాడు. "క్లాసు మీకే ఉంటుంది."

మామగారు గ్లాసులో నీళ్ళు చూస్తున్నారు.

"ఏం జోకులండీ?" అన్నారు అత్తగారు.

ఆయన గ్లాసు అటూ ఇటూ జరిపారు.

"చెప్పండి. అమ్మ అడుగుతోంది" అన్నాడు మా ఆయన. గొంతు మెత్తగానే ఉంది.

"అదేం లేదు. ఒకడు అడిగాడు, ఈ లెక్కలు రాకపోతే ఏమవుతుంది సార్ అని. మాటవరసకి... నోటికొచ్చింది అనేశాను."

"ఏమన్నారు?"

మామగారు గొంతు సవరించుకున్నారు. "మావాడికి రాలేదు. రోజంతా పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటాడు, ఎక్కడికీ చేరడు, అన్నాను."

క్లాసు ఎందుకు నవ్విందో నాకు తెలిసింది. మంచి జోకే. ఎవరో బయటివాళ్ళు చెబితే నేనూ నవ్వేదాన్ని. అప్పట్నుంచి రోజూ ఆయన క్లాసులో అడుగుపెట్టగానే పిల్లలు, ఇవాళ మీవాడు ఎన్నో అంతస్తులో ఉన్నాడు సార్ అని అడుగుతున్నారట. ఆయన ఏదో ఒకటి చెబుతున్నారట. కొడుకు తుడిచిచ్చిన బటన్ల పలక చేత్తో పట్టుకునే చెబుతున్నారని మాత్రం ఆయన అనలేదు. మాకే తట్టింది.

"పిల్లల్ని దగ్గరికి తెచ్చుకోవడానికి అన్న మాట అది" అన్నారు మామగారు భార్యతో. "వాడి మీద నాకేం చిన్నచూపు లేదు. నవ్వితేనే వింటారు, వింటేనే చెప్పగలం. నీకర్థమైంది కదా?"

అత్తగారు ఆయన కంచం తీసి, దాని మీద తన కంచం పెట్టారు.

"కాలేదండీ" అన్నారు.

కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళారు. మామగారు కాసేపు అలాగే కూర్చుని, తర్వాత తన గ్లాసు తనే తీసుకుని వెళ్ళి కుళాయి దగ్గర పెట్టారు. ఆయన ఆ పని చెయ్యడం నేను అంతకుముందు చూడలేదు.

క్లాసు ఆయనకే ఉంచారు. అదీ వింత. హెడ్డుగారు షాపుకి వచ్చినప్పుడు అభినందనలు కూడా చెప్పి వెళ్ళారు. మళ్ళీ ఆయనే కొన్నాళ్ళకి వచ్చి, కొత్త అద్దాలు తుడుచుకుంటూ ఇబ్బందిగా నిలబడ్డారు.

"మాస్టారికి ఒంట్లో బాగుండటం లేదా అమ్మా?"

"ఏమైందండీ?"

"పిల్లలు ఆ లిఫ్టు జోకు చెప్పమని గోల చేస్తున్నారట. ఆయన ఒక్క ముక్క మాట్లాడకుండా బోర్డు వైపు తిరిగి రాసుకుంటూ పోతున్నారట. గంట కొట్టినా అటే తిరిగి ఉంటున్నారట. నిన్న నా గదికి వచ్చి, ఆ క్లాసు అమ్మాయికే ఇచ్చెయ్యండి అన్నారు. ఆలోచించండి మాస్టారూ అంటే, ఆలోచించడానికేం లేదు, తేలిపోయింది అన్నారు."

పరీక్షల్లో ఆ క్లాసు సగానికి పైగా తప్పింది. మామగారు అప్పటికే టైమ్‌టేబుళ్ళ గదిలో కూర్చుంటున్నారు. ఇంట్లో బోర్డు అలాగే ఉంది. సోఫా కూడా పక్కనే ఉండిపోయింది. దాన్ని మళ్ళీ పాత చోటికి జరపాలని ఎవరికీ తోచలేదు. అత్తగారు ఆయనకి టీ ఇస్తారు, బట్టలు తీసిపెడతారు, మందులు గుర్తుచేస్తారు. ఆయన ఏదైనా చెబితే వింటారు. "అయిందండీ" అనే మాట మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు. ఆయనా అడగడం మానేశారు. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ వీధిలోకి చూసేవారు. కొత్తవాళ్ళొస్తే ఆవిడ మంచినీళ్ళిచ్చి ఊరుకునేవారు.

మేం వేరే వెళ్ళిపోయాం. మా ఆయన పనికి దగ్గరగా ఉంటుందని చెప్పాం. ఆ మాటలో అబద్ధం లేదు. ఉన్న నిజాన్ని మాత్రం ఎవరం చెప్పుకోలేదు. సామాన్లు ఎక్కిస్తుంటే మామగారు గేటు దాకా వచ్చి, పరుపు తడవకుండా దాని మీద గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఆయన భుజాలు తడుస్తున్నాయి.

"అది మనసులో పెట్టుకోకురా. ఏదో మాటవరసకి..." అన్నారు.

"ఆ మాటకి కాదు నాన్నా" అన్నాడు మా ఆయన తాడు బిగిస్తూ. "నేను నిజంగా మొద్దునే అయితే మీ జోకుకి నేనూ నవ్వేసేవాణ్ణి. అవునో కాదో తేలడం లేదు. అదే బాధ."

మామగారు ఏదో చెప్పబోయారు. ఆయనకు జవాబు తెలుసని నాకనిపించింది. ఆ ఆదివారం గచ్చు మీద కూర్చున్నప్పుడే తెలిసి ఉంటుంది. కానీ కాదురా, నువ్వు మొద్దువి కాదు అని చెబితే, మరి తనేమిటో కూడా అదే నోటితో చెప్పాలి. బండి కదిలింది. ఆయన గొడుగు అలాగే గాల్లో పట్టుకుని ఉన్నారు, కింద పరుపు లేకపోయినా.

కొత్త ఇంట్లో, వానలు పూర్తిగా తగ్గాక ఒక ఆదివారం మధ్యాహ్నం, మా ఆయన ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాల దగ్గర కాలిక్యులస్ పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. అట్ట చిరిగి ఉంది. బల్ల దగ్గర కూర్చుని మొదటి పాఠం తెరిచాడు. నేను బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ చూడనట్టు చూస్తున్నాను. ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదువుతున్నాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుతున్నాడు. ఆ పేజీ తిప్పేసరికి నాకు రెండు చీరలూ చొక్కాలూ ఇస్త్రీ అయిపోయాయి. తర్వాత ఓ పాత కాగితం వెనకవైపు ఏదో రాయడం మొదలుపెట్టాడు. రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. పుస్తకం చివర జవాబులు చూశాడు. ఇంకోటి చేశాడు. మళ్ళీ చూశాడు. మూడోది చెయ్యడానికి ఎక్కువసేపు పట్టలేదు.

పెన్ను పక్కన పెట్టి కదలకుండా కూర్చున్నాడు.

"వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది."

"మంచిదేగా."

"వచ్చిందే" అన్నాడు మళ్ళీ, ఎవరో పోయారన్న కబురు చెబుతున్నట్టు.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి దగ్గరికి వెళ్ళాను. భుజం మీద చెయ్యి వేశాను. ఇప్పటికైనా మించిపోయిందేం లేదు, సాయంత్రం కాలేజీలున్నాయి అని ఏదేదో అన్నాను. తను విన్నాడో లేదో తెలీదు. ఈలోగా ఫోను మోగింది. ఏదో ఆసుపత్రిలో లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోయిందట, లోపల మనుషులున్నారట. మొహం కడుక్కుని, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, బూట్లు తొడుక్కున్నాడు.

గుమ్మం దాటాక వెనక్కి వచ్చాడు.

"ఆ పుస్తకం తీసెయ్."

"ఎక్కడ పెట్టను?"

"నాకు కనబడని చోట" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.